మన పిల్లల శాశ్వత ఇల్లు ఎవరు నిర్ణయిస్తున్నారు?

కొన్నేళ్ళ కింద మా మాదిగవాడ నుంచి ఇద్దరు పిల్లలను జిల్లా కేంద్రంలోని హోంలకు తీసుకుపోయారు. ఆడపిల్లకు ఎనిమిదేళ్ళు, పిల్లగానికి ఐదు. తల్లి జబ్బుచేసి ఇంట్లోనే చనిపోయింది. తండ్రి పనికని బొంబాయి పోయి మళ్ళీ రాలేదు. అప్పటి నుంచి వాళ్ళను సాదుతున్నది తల్లిని కన్న తల్లి. ఆమె వరసకు నాకూ అమ్మమ్మే. వాడలో అందరం అవ్వ అంటాం. పత్తి ఏరే రోజుల్లో ఆమె తెల్లారకముందే కూలికి పోతే పిల్లలు రోడ్డు మీది హోటల్ దగ్గర తిరిగేవాళ్ళు. పిల్లగాడు అక్కడ గ్లాసులు కడుగుతుంటే ఎవరో చూసి 1098కి ఫోన్ చేశారు. ఫోన్ చేసినవాళ్ళది తప్పని నేను అనను. ఐదేళ్ళ పిల్లగాడు హోటల్లో గ్లాసులు కడగకూడదు.

తప్పు ఆ తర్వాత జరిగింది. అక్కను ఆడపిల్లల హోంలో, తమ్ముణ్ణి మగపిల్లల హోంలో పెట్టారు. ఒకచోటి నుంచి ఇంకొకచోటికి పోవాలంటే బస్సు మారాలి. అవ్వ నన్ను వెంట తోలుకొని ఆఫీసుకు పోయింది. మా వాడలో డిగ్రీ దాటి చదివింది నేనొక్కదాన్నే కాబట్టి కాగితం పని వస్తే నన్నే పిలుస్తారు. అక్కడ అవ్వ ఒకటే మాట అన్నది: "సారూ, ఆళ్ళు నా బిడ్డ పిల్లలు. నేను సాదుకుంట. నాకియ్యుండ్రి." ఆయన ఫైలు తిరగేసి, "నీకు సరైన ఇల్లు లేదు, ఆధారం లేదు. పిల్లలకు శాశ్వతమైన ఏర్పాటు చూడాలె గదమ్మా" అన్నాడు. మర్యాదగానే అన్నాడు. ఫైలులో మాత్రం "పోషించే స్తోమత లేదు" అని ఒక్క వాక్యం రాసి ఉంది. ఆ వాక్యం మీద పిల్లలు ఏడు నెలలు హోంలో ఉన్నారు.

ఈ వ్యాసం ఆ వాక్యం గురించే. ఇల్లు తప్పిన పిల్లలకు శాశ్వతమైన ఇల్లు చూడాలని చట్టం చెప్పటం మంచిదే. కానీ ఆ ఇల్లు ఏది అన్నది చివర్లో ఎవరో పెద్దమనిషి కూర్చుని నిర్ణయించేది కాదు. మొదటి పదిహేను రోజుల్లో, మొదటి విచారణ కాగితంలో, మన పేదరికాన్ని ఏ మాటతో రాశారన్న దానిమీదే అది చాలావరకు తేలిపోతుంది. కాబట్టి ఆ కాగితం ఎట్లా తయారవుతుందో, దాంట్లో ఏం ఉండాలని అడిగే హక్కు మనకు ఉందో వాడలోని ప్రతి ఇంటికీ తెలియాలి.

సాదుకోవటం వేరు, దత్తత వేరు

మన భాషలో ఈ రెండు మాటలూ వేరువేరు. సాదుకున్న బిడ్డకు కన్నతల్లి పేరు పోదు, ఇంటిపేరు పోదు, మేనమామ మేనమామగానే ఉంటాడు. దత్తత పోయిన బిడ్డ మాత్రం చట్టం కంట్లో వేరే ఇంటి బిడ్డ అయిపోతుంది. 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టం ప్రకారం దత్తత జరిగిన రోజు నుంచి పుట్టింటితో బంధం తెగి, పెంచుకున్న ఇంటితో ముడిపడుతుంది.

ఈ దత్తత ఎవరి కోసం పుట్టిందో కూడా గుర్తుచేసుకోవాలి. ధర్మశాస్త్రాల దత్తత బిడ్డ కోసం పుట్టింది కాదు. కొడుకు లేకపోతే పున్నామ నరకం తప్పదని, పిండం పెట్టేవాడు కావాలని, ఆస్తి వంశం దాటకూడదని పుట్టింది. అందుకే మగపిల్లవాణ్ణే దత్తత తీసుకునేవాళ్ళు, అదీ ఒకే వర్ణం లోపల. ఆడపిల్లను దత్తత తీసుకునే హక్కు, కులం అడ్డు లేకుండా తీసుకునే వీలు 1956 చట్టంతోనే వచ్చాయి. ఆ చట్టానికి మూలం హిందూ కోడ్ బిల్లు. దత్తత ఆ బిల్లులో ఒక భాగం. ఆ బిల్లును సాగనివ్వనందుకే అంబేద్కర్ 1951లో మంత్రి పదవికి రాజీనామా చెయ్యటానికి ఒక ముఖ్య కారణమన్నది మనకు తెలిసిందే.

1956 చట్టం హిందువులకే. బౌద్ధులు, జైనులు, సిక్కులు కూడా దాని కిందికే వస్తారు. క్రైస్తవులకు, ముస్లింలకు అది వర్తించదు. మన వాడల్లో చర్చికి పోయే ఇళ్ళు ఎన్నో. వాళ్ళు చాలాకాలం 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద సంరక్షకులు కాగలిగారే తప్ప చట్టప్రకారం అమ్మానాన్నలు కాలేకపోయారు. బాలల న్యాయ చట్టం వచ్చి ఆ అడ్డు తీసింది. ఏ మతం వాళ్ళయినా ఆ చట్టం కింద దత్తత తీసుకోవచ్చని సుప్రీంకోర్టు 2014లో షబ్నమ్ హష్మీ కేసులో స్పష్టం చేసింది.

మన వాడల సాదుడు మాత్రం ఎప్పుడూ బతికున్న బిడ్డ కోసమే. తల్లి పోతే చిన్నమ్మ, తండ్రి పోతే మేనమామ, ఎవరూ లేకపోతే అవ్వ. దానికి కాగితం లేదు. కాగితం లేకపోవటం వల్లే ఆఫీసు కంట్లో అది ఇల్లు కాకుండా పోయింది.

చట్టం ఏం చెప్తున్నది

ఇప్పుడు నడుస్తున్నది 2015 బాలల న్యాయ చట్టం. 2016 జనవరి 15 నుంచి అమల్లో ఉంది, 2021లో సవరించారు. సంరక్షణ అవసరమైన పిల్లల విషయం తేల్చేది జిల్లా బాలల సంక్షేమ సమితి. ఒక అధ్యక్షులు, నలుగురు సభ్యులు ఉంటారు. దొరికిన పిల్లలను 24 గంటల్లో సమితి ముందు పెట్టాలి. సామాజిక విచారణ 15 రోజుల్లో పూర్తి కావాలి. మొదటిసారి హాజరుపరిచిన నాటి నుంచి 4 నెలల్లో తుది ఉత్తర్వు రావాలి. ప్రతి బిడ్డకూ విడిగా ఒక సంరక్షణ ప్రణాళిక రాయాలి. దానికి ఫారం 7 అని పేరు.

బిడ్డను ఎక్కడ ఉంచాలన్నదానికి చట్టం ఒకటి రెండు మూడు అని నంబర్లు వెయ్యలేదు గాని, సెక్షన్లన్నీ కలిపి చదివితే వరస తెలిసిపోతుంది. మొదట సొంత ఇంటికే తిరిగి పంపాలి. అవసరమైతే డబ్బు సాయం చేసి పంపాలి. అది కుదరకపోతే దగ్గరి చుట్టాల దగ్గర ఉంచాలి. ఎవరూ లేని బిడ్డకు దత్తత. దత్తత కుదరని బిడ్డకు ఫోస్టర్ కేర్, అంటే ప్రభుత్వం ఎంపికచేసిన వేరే కుటుంబంలో, ప్రభుత్వ పర్యవేక్షణలో సాదుడు. హోం అన్నది ఆఖరి దారి అని చట్టంలోని మూల సూత్రాల్లోనే రాసి ఉంది. ఆచరణలో ఈ వరస తలకిందులైంది. మొదట హోం, మిగతావన్నీ తర్వాత.

ఫోస్టర్ కేర్ గురించి 44వ సెక్షన్ చెప్పే సంగతులు మనం గుర్తుపెట్టుకోవాలి. అన్నదమ్ములను, అక్కాచెల్లెళ్ళను విడదీయకుండా ఒకే కుటుంబంలో ఉంచటానికి అన్ని ప్రయత్నాలూ చెయ్యాలి. తల్లిదండ్రులు పిల్లలను చూసుకోలేని స్థితిలో ఉన్నారని సమితి తేల్చి బిడ్డను వేరే ఇంట్లో పెట్టినా, ఆ తల్లిదండ్రులు బిడ్డను చూడటానికి పోవచ్చు. వాళ్ళు నిలదొక్కుకున్నారని సమితి అనుకుంటే బిడ్డ మళ్ళీ ఇంటికి రావచ్చు. ఫోస్టర్ ఇంటిని సమితి నెలనెలా తనిఖీ చెయ్యాలి. దత్తతకు అర్హత ఉన్న బిడ్డను దీర్ఘకాలం ఫోస్టర్ కేర్‌లో ఉంచకూడదు.

ఈ చివరి మాట ఎందుకంటే ఫోస్టర్ కేర్ దానంతటది శాశ్వతం కాదు. సాదే కుటుంబానికి బిడ్డ వారసురాలు కాదు, వాళ్ళు చట్టప్రకారం అమ్మానాన్నలు కారు, పద్దెనిమిదేళ్ళు నిండితే ఆ ఏర్పాటు ముగుస్తుంది. కేంద్రం 2024లో ఫోస్టర్ కేర్ మార్గదర్శకాలు మార్చింది. పెళ్ళికాని వాళ్ళు, భార్య లేదా భర్త పోయినవాళ్ళు, విడిపోయినవాళ్ళు కూడా పిల్లలను తీసుకోవచ్చన్నది. రెండేళ్ళు సాదిన కుటుంబం అదే బిడ్డను దత్తతకు అడగవచ్చన్నది. అంతకుముందు ఐదేళ్ళు ఆగాల్సి వచ్చేది. హోంలో పెరిగి పెద్దవుతున్న పిల్లలకు ఇది మేలు చేసే మార్పు. ఆరేళ్ళు దాటిన పిల్లలను దత్తత అడిగేవాళ్ళు తక్కువ.

మరి అవ్వల సంగతి? ఫోస్టర్ కేర్ అన్న మాటను చట్టం కన్నకుటుంబం కాని కుటుంబానికే వాడింది. అవ్వ, మేనమామ సాదుతుంటే వాళ్ళకు వర్తించే పథకం స్పాన్సర్‌షిప్. 2022లో వచ్చిన మిషన్ వాత్సల్య మార్గదర్శకాల ప్రకారం బిడ్డకు నెలకు 4,000 రూపాయలు. భర్త పోయిన తల్లి, వదిలేసిన తల్లి, ప్రాణాంతకమైన జబ్బున్న తల్లిదండ్రులు, చుట్టాల దగ్గర పెరుగుతున్న అనాథ పిల్లలు దీని కిందికి వస్తారు. కుటుంబ ఆదాయం పల్లెల్లో ఏడాదికి 72,000, మిగతాచోట్ల 96,000 రూపాయలు మించకూడదు. ఇంకొక దారి కూడా ఉంది. అవ్వా తాతా, పెదనాన్న చిన్నాన్నలు, మేనత్తలు, మేనమామలు, పెద్దమ్మ చిన్నమ్మలు చట్టం లెక్కలో బంధువులు. వాళ్ళు బిడ్డను చట్టప్రకారం దత్తత కూడా తీసుకోవచ్చు.

అంటే "పోషించే స్తోమత లేదు" అన్నది బిడ్డను హోంలో ఉంచటానికి కారణం కాదు. అది స్పాన్సర్‌షిప్ మంజూరు చెయ్యటానికి కారణం. అదే వాక్యం, అదే అవ్వ. ఏ ఫారంలో రాశారన్నదే తేడా.

పేదరికాన్ని అర్హత లేకపోవటంగా రాయటం

2009లో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ పిల్లల ప్రత్యామ్నాయ సంరక్షణ మీద మార్గదర్శకాలు ఆమోదించింది. పేదరికం ఒక్కటే కారణంగా బిడ్డను తల్లిదండ్రుల నుంచి వేరుచెయ్యకూడదని, పేదరికం కనిపిస్తే ఆ కుటుంబానికి సాయం కావాలని అర్థం చేసుకోవాలని అందులో ఉంది. మన చట్టం కూడా బిడ్డను వదులుకోవటానికి తల్లిదండ్రులకు శారీరక, మానసిక, సామాజిక కారణాలనే చెప్పింది. డబ్బు లేకపోవటాన్ని ఆ వరసలో రాయలేదు. వదులుకున్నాక మనసు మార్చుకోవటానికి రెండు నెలల గడువు కూడా పెట్టింది.

ఈ జాగ్రత్తలు ఊరికే రాలేదు. మన తెలంగాణ తండాలకు దీంట్లో చేదు అనుభవం ఉంది. 1999లోను, మళ్ళీ 2001లోను లంబాడీ ఆడబిడ్డలను దళారులు కొన్ని వందలకో వేలకో కొని దత్తత సంస్థలకు చేర్చిన సంగతి బయటపడింది. అక్కడి నుంచి బిడ్డలు విదేశాలకు పోయేవాళ్ళు, సంస్థలకు డాలర్లు వచ్చేవి. తల్లి వేలిముద్ర పెట్టిన కాగితం మీద మాత్రం "ఇష్టపూర్వకంగా వదులుకుంటున్నాను" అని ఉండేది. ఆ ఇష్టం ఏమిటి? మూడో ఆడపిల్ల, కరువు, అప్పు. పెళ్ళికి కట్నం ఇయ్యాల్సిన రోజులు తండాకు వచ్చాక మొదలైన భయం. 2001లో రాష్ట్ర ప్రభుత్వం పేదరికం, పిల్లల సంఖ్య, ఆడపిల్ల కావటం కారణాలుగా బిడ్డను వదులుకోవటాన్ని ఒప్పుకోరాదని ఉత్తర్వు ఇచ్చింది. ఇప్పటి చట్టంలో బిడ్డను అమ్మినా కొన్నా ఐదేళ్ళ వరకు కఠిన జైలు, లక్ష రూపాయల జరిమానా. అందులో ఆసుపత్రి సిబ్బంది ఉంటే శిక్ష మూడేళ్ళకు తగ్గదు, ఏడేళ్ళ దాకా పోవచ్చు.

ఆ రోజుల్లో పత్రికలు తల్లులనే నిలదీశాయి. కన్నబిడ్డను అమ్ముకున్న తల్లి అన్నాయి. కొన్నవాళ్ళ గురించి, ఆ బిడ్డకు "మంచి ఇల్లు" దొరికిందన్నాయి. ఇల్లు మంచిదా కాదా అన్నది ప్రశ్న కాదు. ఆ తల్లికి నెలకు కొంత డబ్బు, దగ్గర్లో ఒక అంగన్‌వాడీ, ఒక డాక్టరు ఉండి ఉంటే ఆ బిడ్డకు ఇంకో ఇల్లు వెతకాల్సిన అవసరమే వచ్చేది కాదు. శాశ్వతమైన ఇల్లు పథకం అక్కడ మొదలుకావాలి.

అమెరికాలో ఏం జరిగింది

ఈ "శాశ్వత ప్రణాళిక" అన్న ఆలోచన బలంగా నడిచిన దేశం అమెరికా. అక్కడ పిల్లలు ఫోస్టర్ ఇళ్ళ మధ్య ఏళ్ళ తరబడి తిరుగుతున్నారని 1980లో ఒక చట్టం తెచ్చారు. ఇల్లు చెదరకుండా చూడటానికి, చెదిరినా కలపటానికి తగిన ప్రయత్నం చెయ్యాలని అది చెప్పింది. 1997లో ఇంకొక చట్టం వచ్చి గడియారం పెట్టింది. బిడ్డ గత 22 నెలల్లో 15 నెలలు ఫోస్టర్ కేర్‌లో ఉంటే, కన్నవాళ్ళ హక్కులు రద్దు చెయ్యమని రాష్ట్రం కోర్టుకు పోవాలి. చుట్టాల దగ్గర ఉన్న పిల్లలకు, ప్రభుత్వం తాను చెయ్యాల్సిన సాయం చెయ్యని కేసులకు మినహాయింపు ఇవ్వవచ్చన్నారు.

బిడ్డ వైపు నుంచి చూస్తే గడువు పెట్టటం న్యాయమే. నాలుగేళ్ళ పిల్లకు ఏడాది అంటే జీవితంలో నాలుగో వంతు. కానీ ఆ గడియారం అందరి మీదా ఒకేలా తిరగలేదు. జైల్లో ఉన్న తల్లి మీద, అద్దె కట్టలేని తల్లి మీద, నల్లజాతి తల్లి మీద వేగంగా తిరిగింది. నల్లజాతి పిల్లలు జనాభాలో తమ వాటాకు మించి ఫోస్టర్ కేర్‌లో ఉండటం దశాబ్దాలుగా నడుస్తున్నదే. న్యాయశాస్త్ర పండితురాలు డొరొతీ రాబర్ట్స్ ఈ వ్యవస్థ నల్లజాతి కుటుంబాలను కాపాడటం కంటే విడదీయటమే ఎక్కువ చేసిందని వాదించారు.

ఆదివాసుల విషయంలో అది ఇంకా ఘోరం. 1970లలో జరిగిన సర్వేల్లో ఆదివాసీ పిల్లల్లో నూటికి 25 నుంచి 35 మందిని ఇళ్ళ నుంచి తీసేశారని తేలింది. ఎక్కువమందిని పెట్టింది తెల్లవాళ్ళ ఇళ్ళల్లో, సంస్థల్లో. అవ్వ దగ్గర పెరగటాన్ని అధికారులు నిర్లక్ష్యమని రాశారు. దాని మీద పోరాడి 1978లో ఆదివాసీ బాలల సంక్షేమ చట్టం సాధించుకున్నారు. దాని ప్రకారం దత్తతకు మొదట బిడ్డ చుట్టాలను, తర్వాత ఆ తెగలోని ఇతరులను, ఆ తర్వాత వేరే ఆదివాసీ కుటుంబాలను చూడాలి. తెల్లవాళ్ళ కుటుంబాలు కొన్ని దీనిమీద సుప్రీంకోర్టు దాకా పోయాయి. 2023 జూన్‌లో కోర్టు 7-2 తేడాతో ఆ చట్టాన్ని నిలబెట్టింది.

మన దేశంలో అట్లాంటి చట్టం లేదు. కానీ 1992లో మన ప్రభుత్వం చేరిన బాలల హక్కుల ఒడంబడిక 20వ అధికరణ ఒక ఆధారం ఇస్తుంది. ఇల్లు తప్పిన బిడ్డకు వేరే ఇల్లు చూసేటప్పుడు బిడ్డ పెంపకం తెగిపోకుండా ఉండటాన్ని, జాతి, మతం, సంస్కృతి, భాషల నేపథ్యాన్ని లెక్కలోకి తీసుకోవాలని అది చెప్తున్నది. కులం అన్న మాట అందులో లేదు. మన దేశంలో బిడ్డ నేపథ్యం అంటే కులం కాకుండా ఎట్లా ఉంటుంది?

కులం గడి ఎవరు నింపుతున్నారు

హోంకు వచ్చిన బిడ్డ కులం ఏమిటన్నది ఒక గడిలో రాస్తారు. కొన్నిసార్లు ఖాళీగా వదిలేస్తారు. ఖాళీగా వదలటం కులం పట్టించుకోకపోవటంలాగా, మంచిపనిలాగా కనిపిస్తుంది. దాని ఫలితం చూద్దాం.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008లో అనాథ, నిరాశ్రయ పిల్లలను బి.సి.-ఎ జాబితాలో చేర్చారు. పదేళ్ళు నిండకముందే తల్లిదండ్రులు పోయి, చూసుకునేవాళ్ళు ఎవరూ లేక, ప్రభుత్వ లేదా గుర్తింపు పొందిన అనాథాశ్రమాల్లో, బడుల్లో చేరిన పిల్లలకు అది వర్తిస్తుంది. ఏ కులమో తెలియని బిడ్డకు అది మంచి ఆసరా. కానీ మాదిగ తల్లికి పుట్టిందని వాడంతా ఎరిగిన పిల్లకు కూడా గడి ఖాళీగా వదిలితే, ఆమె రేపు ఎస్.సి. కాదు, బి.సి.-ఎ. ఇక ఆ హోం చర్చి వాళ్ళదై, రిజిస్టరులో మతం క్రైస్తవం అని రాస్తే? క్రైస్తవులైన ఎస్.సి.లు, వాళ్ళ సంతానం ఈ రాష్ట్రాల్లో బి.సి.-సి. దాని వాటా నూటికి ఒకటి. ఎస్.సి.ల వాటా 15. ఒకే పిల్ల, ఒకే తల్లి బిడ్డ. కలం పట్టినవాళ్ళను బట్టి మూడు రకాల సర్టిఫికెట్లు. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు ఎస్.సి. వర్గీకరణ చెల్లుతుందని తీర్పు ఇచ్చాక, 2025లో రెండు రాష్ట్రాలూ ఎస్.సి.లను మూడు గ్రూపులు చేశాయి. ఇప్పుడు "ఎస్.సి." అని రాస్తే కూడా చాలదు. మాదిగా, మాలా, ఉపకులమా అన్నది కూడా రాయాలి. అది చెప్పగలిగింది వాడ మనుషులే.

దత్తత అయితే ఇంకొక చిక్కు. పుట్టింటితో బంధం చట్టప్రకారం తెగుతుంది గాని, కులం అంటే చట్టం ఒక్కటే కాదు. అగ్రకులంలో పుట్టి పెరిగి, పెళ్ళితోనో దత్తతతోనో వెనకబడిన కులంలోకి వచ్చినవాళ్ళు రిజర్వేషన్ అడగలేరని 1996లో వల్సమ్మ పాల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కులాంతర వివాహంలో పుట్టినవాళ్ళ విషయంలో, ఎక్కడ ఎట్లా పెరిగారు, ఏ అవమానాలు పడ్డారు అన్నది చూసి తేల్చాలని 2012లో రమేశ్‌భాయి నాయికా కేసులో చెప్పింది. ఈ తీర్పుల సారం అనుభవించిన జీవితాన్ని చూడమనే. ఫోస్టర్ కేర్‌లో ఉన్న బిడ్డ విషయంలో అసలు గందరగోళమే ఉండకూడదు. అక్కడ బిడ్డ కన్నవాళ్ళ బిడ్డగానే ఉంటుంది, కులం మారదు. అయినా ఎమ్మార్వో ఆఫీసులో తండ్రి సర్టిఫికెట్ ఏదని అడిగితే చూపించేవాళ్ళు ఉండరు. అందుకని సర్టిఫికెట్ తీసి ఫైలులో పెట్టటం కూడా ఆ ఫారం 7 ప్రణాళికలో భాగం కావాలి.

కొందరు మిత్రులు అడుగుతారు: కులం లేని ఇంట్లో పెరిగితే కులం పోతుంది గదా, మళ్ళీ ఎందుకు రాయమంటున్నారు? కులం లేని ఇల్లు ఎక్కడుంది? అగ్రకుల కుటుంబంలో పెరిగిన బిడ్డ ప్రేమగా పెరగవచ్చు. అట్లాంటి మంచి అమ్మానాన్నలు ఉన్నారు, నేను కాదనను. కానీ పెళ్ళి మాట వచ్చిన రోజు, కోపం వచ్చిన రోజు, నువ్వెవరి బిడ్డవు అన్న ప్రశ్న వస్తుంది. ఆ రోజు ఆమె చేతిలో జవాబు ఉండాలి. ఆ జవాబు దాచిపెట్టే హక్కు ఏ ఆఫీసుకూ లేదు.

మన వైపు తప్పులు

ఇదంతా రాసి, మన వాడల్లో అంతా బాగుందని చెప్తే అబద్ధం అవుతుంది. చుట్టాల ఇంట్లో పెరిగిన పిల్లలను మేకల వెంట పంపటం నేను చూశాను. తమ పిల్లలను బడికి పంపి, సాదుకున్న పిల్లతో నీళ్ళు మోయించిన చిన్నమ్మలు ఉన్నారు. తల్లిలేని ఆడపిల్ల బరువని పద్నాలుగేళ్ళకే పెళ్ళి చేసిన మేనమామలు ఉన్నారు. తాగొచ్చి కొట్టే తండ్రులు ఉన్నారు. అట్లాంటి ఇంట్లో బిడ్డను ఉంచాలని అడగటం దళిత రాజకీయం కాదు. బిడ్డ హక్కు బిడ్డదే, కులానిది కాదు.

హోంలను కూడా నేను ఒక్క మాటలో కొట్టేయను. నేను సాంఘిక సంక్షేమ హాస్టల్లో అన్నం తిని చదువుకున్నదాన్ని. హాస్టల్ లేకపోతే ఈ వ్యాసం రాసేదాన్ని కాదు. కానీ హాస్టల్ నుంచి సంక్రాంతికి ఇంటికి పోయేదాన్ని. పోవటానికి ఇల్లు ఉండటమే తేడా. హోంలో ఉన్న పిల్లలకు పండగ సెలవులు వస్తే ఎక్కడికి పోవాలో తెలియదు. పద్దెనిమిది నిండినాక అసలే తెలియదు. శాశ్వతమైన ఇల్లు అంటే నా లెక్కలో ఇదే: పండక్కి పోవటానికి ఒక గడప, ఉద్యోగం కాగితంలో రాయటానికి ఒక పేరు, తప్పు చేస్తే తిట్టి మళ్ళీ అన్నం పెట్టే ఒక మనిషి.

ఏం చెయ్యాలి

మొదటిది, విచారణ జరిగే ఆ 15 రోజులు మనవి. పిల్లలను తీసుకుపోయారని తెలియగానే చుట్టాలు ఆధార్, రేషన్ కార్డు, ఆదాయం, కుల సర్టిఫికెట్లతో సమితి ముందుకు పోవాలి. బిడ్డను సాదటానికి ఎవరు సిద్ధంగా ఉన్నారో రాతపూర్వకంగా ఇచ్చి, తీసుకున్నట్టు సంతకం చేయించుకోవాలి. నోటిమాట ఫైలులోకి పోదు. అవ్వ మూడుసార్లు నోటితో అడిగింది. నాలుగోసారి రాసి ఇచ్చాం, అప్పుడే విచారణ మళ్ళీ మొదలైంది.

రెండోది, చావు నమోదు. మన ఇళ్ళల్లో మనిషి పోతే పూడ్చి, దినం చేసి ఊరుకుంటాం. మరణ ధ్రువపత్రం లేకపోతే బిడ్డకు తల్లి లేదని రుజువు ఉండదు, స్పాన్సర్‌షిప్ ఆగిపోతుంది. ఏడాది దాటితే మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి. ఆ ఏడు నెలల్లో మూడు నెలలు మాకు దీనికే పోయాయి.

మూడోది, అక్కాతమ్ముళ్ళను విడదీస్తే 44వ సెక్షన్ చూపించి అడగాలి. ఆ సెక్షన్ ఫోస్టర్ ఇళ్ళ గురించే చెప్పినా, హోంలో పెట్టేటప్పుడు దాని న్యాయం ఎందుకు పట్టదని అడగాలి. ఫోస్టర్ కేర్, స్పాన్సర్‌షిప్ నిర్ణయాల మీద 30 రోజుల్లో కలెక్టరుకు అప్పీలు చేసుకోవచ్చు. సమితి ఇచ్చే మిగతా ఉత్తర్వుల మీద అదే గడువులో బాలల కోర్టుకు పోవచ్చు.

నాలుగోది, ఎవరూ చూపు వెయ్యకపోతే చట్టం ఆగదు. ఎవరూ రాని బిడ్డను, రెండేళ్ళలోపు అయితే రెండు నెలల్లో, పెద్దయితే నాలుగు నెలల్లో దత్తతకు స్వేచ్ఛ ఉన్న బిడ్డగా సమితి ప్రకటించాలి. అది బిడ్డ మంచికే పెట్టిన గడువు. నిజంగా ఎవరూ లేని బిడ్డను మనం చుట్టరికం పేరు చెప్పి హోంలో ఏళ్ళ తరబడి ఆపితే అదీ అన్యాయమే. అట్లాంటి పిల్లలకు ఫోస్టర్ కుటుంబాలుగా ముందుకు రావాల్సింది మనలో ఉద్యోగాలు చేసుకుంటున్నవాళ్ళు. రిజర్వేషన్‌తో చదివి, పట్నంలో రెండు గదుల ఇల్లు కట్టుకున్న మనం మన వాడ బిడ్డ కోసం ఒక దరఖాస్తు పెట్టలేమా?

ఐదోది ప్రభుత్వానికి. గడియారం తల్లి మీద, అవ్వ మీద తిరిగినట్టే ఆఫీసు మీదా తిరగాలి. స్పాన్సర్‌షిప్ ఇవ్వకుండా "స్తోమత లేదు" అని రాయటానికి వీల్లేదని ఉత్తర్వు ఇవ్వాలి. ఎస్.సి., ఎస్.టి. పిల్లలకు మొదట చుట్టాలను, తర్వాత అదే కులం, అదే తెగ కుటుంబాలను వెతికామని ఫైలులో రుజువు పెట్టాలి. సమితుల్లో దళిత, ఆదివాసీ ఆడవాళ్ళు ఉండాలి.

ఏడు నెలల తర్వాత మా పిల్లలు ఇంటికి వచ్చారు. నెలనెలా డబ్బు ఒక్కోసారి ఆలస్యంగానైనా పడుతున్నది. అవ్వ పత్తి చేనుకు పోయే రోజుల్లో పక్కింటామె పిల్లలను బడికి పంపుతుంది. పిల్లగాడు వచ్చిన కొత్తలో కొన్నాళ్ళు అవ్వ కొంగు పట్టుకునే నిద్రపోయేవాడు. అక్క మాత్రం అవ్వను ఒక ప్రశ్న అడిగింది: "అవ్వా, మళ్ళొస్తరా ఆళ్ళు?" అవ్వ నా మొఖం చూసింది. రారని నేను చెప్పలేకపోయాను. అవ్వ తర్వాత ఈ పిల్లలను ఎవరు సాదుతారన్నది ఇంకా ఏ కాగితంలోనూ లేదు. మేనమామ పేరు మీద ఆ కాగితం రాయించే పనిలో ఇప్పుడు ఉన్నాం.